వెండిగీత వెనక

షెడ్డులో 1957 నాటి షెవర్లే బెల్‌ఎయిర్ కన్వర్టిబుల్ ఒకటి కొత్త రంగు వేసుకుని నిలబడి ఉందనుకుందాం. ఇంజన్ పలుకుతోంది, బ్రేకులు పడుతున్నాయి, గుడ్డ పైకప్పు చక్కగా మడత పడుతోంది. అయినా బాసికం కట్టని పెళ్లికొడుకులా ఉంది. మనిషి అతనే, కళ మాత్రం రాలేదు. హెడ్‌లైటు వెనక మొదలై, తలుపు మీదుగా సాగి, వెనక్కి వెళ్లేకొద్దీ రెండు పాయలుగా విడిపోయే ఆ వెండిగీత ఇంకా ఒంటి మీదికి ఎక్కలేదు. దాని ముక్కలన్నీ దుప్పటి పరిచిన బల్ల మీద వరసగా పడుకుని ఉన్నాయి. పక్కన డబ్బాల్లో క్లిప్పులు, నట్లు, నల్లటి సీలెంటు ముద్ద.

మన షెడ్లలో దీన్ని బీడింగ్ అంటారు. చూసేవాళ్లకి బీడింగంటే చివర్లో ఒక పూట పని. ఒక పూటలో కొట్టేయొచ్చు కూడా. నాలుగైదేళ్ల తర్వాత ఆ గీత పొడుగునా రంగు బొబ్బలెక్కి, వేలితో నొక్కితే పెంకులా రాలి, లోపలి నుంచి ఎర్రటి పొడి బయటపడినప్పుడు గానీ ఆ పూటలో ఏం జరిగిందో తెలియదు. కారు ఒంటి మీద రకరకాల లోహాలు ఒకదాన్నొకటి తాకే చోటు అది. నీళ్లు చేరే చోటు, ఎండకి సాగే చోటు, కారు కదిలినప్పుడల్లా కాస్త ఒరుసుకునే చోటు కూడా అదే. అందంగా కనిపిస్తుంది కాబట్టి అలంకారం అనుకుంటాం. అసలు అది సరిహద్దు.

1957లో షెవర్లే పెద్ద కార్లు మూడు తరగతుల్లో వచ్చాయి: వన్-ఫిఫ్టీ, టూ-టెన్, బెల్‌ఎయిర్. అడుగున ఉన్న రేకు దాదాపు ఒకటే. ఇరుగుపొరుగు చూసి ‘వీళ్లు బాగా పెట్టి కొన్నారు’ అనుకునేది బీడింగ్‌ని బట్టే. టూ-టెన్‌లో గీత రెండు పాయలుగా విడిపోయాక మధ్యలో మిగిలేది ఉత్త రంగు. బెల్‌ఎయిర్‌లో ఆ ఖాళీని సన్నని గాడులున్న అల్యూమినియం రేకు నింపుతుంది. ముందు జాలీకి బంగారు రంగు. బానెట్ మీద ఆంగ్ల ‘వి’ ఆకారంలో గుర్తు కనిపిస్తే లోపల వి-8 ఇంజన్ ఉన్నట్టు, లేకపోతే ఆరు సిలిండర్లదే. కన్వర్టిబుల్ కావాలంటే ఆ ఏడాది బెల్‌ఎయిర్ తరగతిలోనే కొనాలి. అంటే ఓపెన్‌టాప్ కారు కొన్నవాడికి బీడింగ్ మొత్తం తప్పనిసరి బహుమానం. నలభై, యాభై, అరవై ఏళ్ల తర్వాత దాన్ని బాగుచేసేవాడికి అదే తప్పనిసరి తలనొప్పి.

ఈ గీత ఎందుకు పుట్టిందో తెలియాలంటే రంగుల దగ్గరికి వెళ్లాలి. 1920ల మొదట్లో కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డ్యూపాంట్ తయారుచేసిన డ్యూకో అనే లాకర్ రంగు వచ్చాక ఆ పని గంటల్లోకి దిగింది. 1924లో ఓక్లాండ్ కార్లు ఆ రంగుతో నీలంగా మెరుస్తూ బయటికొచ్చాయి. రంగు త్వరగా ఆరుతుంటే ఒకే కారుకి రెండు రంగులు వేయాలన్న మోజు పుట్టడం సహజమే. కానీ ఒక రంగు ఆగి రెండోది మొదలయ్యే అంచు సూటిగా రావాలి కదా! పెయింటర్లు కాగితాలు అంటించేవారు. పీకేటప్పుడు కాగితంతోపాటు కొత్త రంగూ ఊడొచ్చేది. త్రీఎం కంపెనీలో పనిచేసే రిచర్డ్ డ్రూ, ఉప్పుకాగితం నమూనాలతో సెయింట్‌పాల్‌లోని ఒక బాడీ షాపుకి వెళ్లినప్పుడు పెయింటర్ల తిట్లు విన్నాడు. ఆ తిట్ల ఫలితమే 1925 నాటి మాస్కింగ్ టేపు. ఇవాళ బీడింగ్ బిగించేవాడు రంగు గీసుకుపోకుండా మొట్టమొదట అంటించేదీ అదే టేపు కాబట్టి, కథ మొదలైన చోటికే తిరిగొచ్చినట్టు.

టేపు ఎంత బాగున్నా రెండు రంగులు కలిసే చోట చిన్న మెట్టు మిగులుతుంది. దాని మీద మెరిసే పట్టీ పడితే మెట్టు కనిపించదు, పక్క కారు తలుపు తగిలినా దెబ్బ పట్టీ కాస్తుంది. ఇక ఆ పట్టీ దేనితో చేయాలన్నదే ప్రశ్న.

జవాబు ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి వచ్చింది. 1913లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతున్నాడు. 12.8 శాతం క్రోమియం కలిపిన ముక్కని సూక్ష్మదర్శిని కింద చూడటానికి ఆమ్లంతో తినిపించబోతే అది తిననంది. వెనిగర్, నిమ్మరసం కూడా దాన్నేమీ చేయలేకపోయాయి. కత్తులు, చెంచాలకి పేరుపడ్డ ఊరు కాబట్టి బ్రియర్లీకి ముందు గుర్తొచ్చింది భోజనాల బల్లే. మనింట్లో చారు పోసుకునే స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె ఆ కుటుంబంలోదే. ఆ లోహంలో ఉన్న క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల మందాన పొరగా ఏర్పడుతుంది. గీత పడితే మళ్లీ తనంతట తానే పూడుకుంటుంది. పెయింటులా పైన పూసిన పొర కాదు, లోహం తన నుంచి తాను పుట్టించుకున్న చర్మం.

1930లో న్యూయార్క్‌లో పూర్తయిన క్రైస్లర్ భవనం తలకి ఈ ఉక్కునే తొడిగారు. కార్ల కంపెనీ యజమాని కట్టించిన భవనం కాబట్టి కార్ల రేడియేటర్ మూతల్ని పోలిన బొమ్మలు కూడా దాని మూలల మీద ఉన్నాయి. అదే కాలంలో ఫోర్డ్ మోడల్-ఏ కార్ల రేడియేటర్ తొడుగు, హెడ్‌లైట్లు స్టెయిన్‌లెస్ స్టీలుకి మారాయి. అలిగేనీ లడ్లమ్ అనే ఉక్కు కంపెనీ ఫోర్డ్‌తో కలిసి కారు ఒళ్లంతా దీంతోనే చేసి చూపించింది. 1936లో ఆరు సెడాన్లు, 1960లో రెండు థండర్‌బర్డ్‌లు, 1967లో మూడు లింకన్ కాంటినెంటల్ కన్వర్టిబుల్స్. వాటికి బీడింగ్ కింద తుప్పు భయం లేదు. మిగతా ప్రపంచానికి అంత ఖరీదు కుదరలేదు కాబట్టి ఒళ్లు మామూలు ఉక్కుతోనూ, గీత మాత్రం స్టెయిన్‌లెస్‌తోనూ వచ్చాయి. గొడవంతా ఆ ‘మాత్రం’ దగ్గరే.

ఈ గొడవని కార్ల కంటే చాలా ముందు బ్రిటిష్ నౌకాదళం చవిచూసింది. చెక్క ఓడ అడుగుని పురుగు తినకుండా 1761లో అలారమ్ అనే యుద్ధనౌకకి రాగిరేకు తొడిగారు. రెండేళ్లకి చూస్తే చాలా చోట్ల రేకు ఊడి వేలాడుతోంది. రాగి బాగానే ఉంది. దాన్ని పట్టుకున్న ఇనుప మేకులు కుళ్లిపోయాయి. అయితే కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. వాటి తలల కింద గోధుమరంగు కాగితం చిక్కుకుని ఉంది. రాగిరేకులు ఓడల రేవుకి కాగితం చుట్టి వచ్చాయట, కొట్టేటప్పుడు ఎవరో బద్ధకించి తీయలేదు. ఇంజనీరింగ్ చరిత్రలో బద్ధకం ఇంత మంచి పాఠం చెప్పిన సందర్భాలు తక్కువ.

అప్పటికి ఓల్టా బ్యాటరీ రావడానికి ఇంకా దాదాపు నలభై ఏళ్లుంది. కానీ ఓడ అడుగున ఉన్నది బ్యాటరీయే. రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీటిలో తడిస్తే, వాటిలో త్వరగా లొంగేది ఎలక్ట్రాన్లు వదులుకుంటూ కరుగుతుంది, రెండోది దాని పుణ్యాన భద్రంగా ఉంటుంది. జింకు, అల్యూమినియం, మామూలు ఉక్కు, రాగి, చివర్లో పొర పట్టిన స్టెయిన్‌లెస్... ఈ వరసలో మొదటివి త్యాగరాజులు, చివరివి భోగరాజులు. భోగరాజు ఎంత పెద్దవాడైతే త్యాగరాజు అంత తొందరగా ఖాళీ అవుతాడు. పెద్ద రాగిరేకు, చిన్న మేకు. కారు దగ్గరికొస్తే పొడవైన స్టెయిన్‌లెస్ పట్టీ, దాని కింద క్లిప్పు ఒరుసుకుని రంగు లేచిపోయిన గోరంత చోటు. గోరంతే కదా అని వదిలేస్తే కరెంటంతా ఆ గోరంత మీదే పడుతుంది. ఒళ్లంతా రంగు లేకుండా ఉన్నా అంత లోతుగా గుంట పడదు.

ఉప్పునీరు ఎక్కడిదంటే, ఉత్తర అమెరికాలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే రాళ్లుప్పు. డెట్రాయిట్ నగరం కింద సుమారు 1,200 అడుగుల లోతున పెద్ద ఉప్పుగని ఉంది. పైన కార్లు తయారుచేసిన ఊరు, అడుగున వాటిని తినేసే సరుకు. అందుకే పాత కార్లు కొనేవాళ్లు అరిజోనా లాంటి ఎండుప్రాంతాల్లో తిరిగిన బండి అంటే ఎక్కువ ముచ్చటపడతారు.

స్టెయిన్‌లెస్‌కి చావు లేదనుకోవడమూ పొరపాటే. దాని చర్మం పూడుకోవాలంటే ఆక్సిజన్ అందాలి. పట్టీ వెనక తడిమట్టి పేరుకుపోయి గాలి ఆడకపోతే, లోపల ఉప్పు చేరితే, అక్కడ ఆ లోహం కూడా సూదిబెజ్జాల్లా తినిపోతుంది. పాత పట్టీ ఊడదీసి తిరగేసి చూస్తే ముందు వైపు అద్దం, వెనక వైపు వయసు.

అందుకే బిగించడానికి ముందు పని తిరగేసిన వైపే మొదలవుతుంది. మట్టి గీకి, కడిగి, సొట్టలు వెనక నుంచి చిన్న సుత్తితో ఒక్కొక్క చుక్కగా పైకి లేపాలి. పెద్ద దెబ్బ వేస్తే లోహం సాగిపోతుంది, సాగినదాన్ని వెనక్కి తేవడం సొట్ట తీయడం కంటే కష్టం. పైకి లేచిన చుక్కల్ని సన్నని ఆకురాయితో సవరించి, ఉప్పుకాగితం గరుకు నుంచి నున్నకి మారుస్తూ రుద్ది, ఆపైన బఫింగ్ చక్రం. ఇక్కడ ఇంటి చిట్కాలు పనికిరావు. అంట్లు తోమే మామూలు ఇనుప పీచుతో రుద్దితే దాని రేణువులు లోహంలో గుచ్చుకుని వారంలో ఎర్రచుక్కలవుతాయి, స్టెయిన్‌లెస్‌కే తుప్పు పట్టిందని గుండె గుభేలుమంటుంది. బఫింగ్ చక్రం కూడా మర్యాదస్తురాలు కాదు. పట్టీ అంచు దానికి చిక్కిందా, లాక్కుని విసిరేస్తుంది. పట్టీ వంకర పోవడం చిన్న నష్టం, నిలబడ్డ మనిషికి తగలడం పెద్దది.

గాడుల అల్యూమినియం రేకుకి ఈ మర్దనా వద్దు. దాని మెరుపు మీద అద్దంలాంటి ఆక్సైడ్ పొర ఉంటుంది. లోహాన్ని ఆమ్లంలో ముంచి కరెంటు పంపితే పెరిగే పొర అది. 1923లో బ్రిటన్‌లో బెంగో, స్టూవర్ట్ అనే ఇద్దరు సముద్రవిమానాల డ్యూరాలుమిన్ భాగాల్ని ఉప్పుగాలి నుంచి కాపాడటానికి ఈ పద్ధతి పట్టారు. తర్వాత అది కారు జాలీకి బంగారు రంగు అద్దే విద్య అయింది. బఫింగ్ చేస్తే ఆ పొర మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది. సరిగా చేయాలంటే కాస్టిక్ సోడాలో ముంచి పాత పొర మొత్తం తీసి, మెరుగుపెట్టి, మళ్లీ పొర పెంచాలి. చాలామంది కొత్త రేకే కొనేస్తారు, తప్పు పట్టలేం.

ఇక జింకుతో పోతపోసి క్రోమ్ పూత పూసిన అక్షరాలు, గుర్తులు. క్రోమ్ అంటే మందపాటి కవచం అనుకుంటారు గానీ పైన కనిపించే నీలిమెరుపు పొర మైక్రాన్‌లో సగం కూడా ఉండకపోవచ్చు. అసలు రక్షణ దాని కిందున్న నికెల్‌ది. కొరియా యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం నికెల్ వాడకాన్ని అదుపు చేసేసరికి ఆ ఏళ్ల కార్ల మెరుపు తొందరగా మాసిపోయింది. పూతలో సన్నని రంధ్రం పడితే కిందున్న జింకు త్యాగరాజుల్లో మొదటివాడు కదా, లోపల కరిగి, పైన మొటిమలా లేస్తుంది. వెనక ఉన్న పోత మేకులు పెళుసు. నట్టు పావు చుట్టు ఎక్కువైతే టప్పున విరుగుతాయి. ఇలాంటి చోట వాడేది స్పీడ్‌నట్, రేకులో కోసిన స్ప్రింగు పళ్లు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో స్టవ్‌లు తయారుచేసే టిన్నర్‌మన్ కంపెనీ 1920ల్లో దీన్ని కనిపెట్టింది. మామూలు నట్టు బిగిస్తే స్టవ్ మీది పింగాణీ పూత పెచ్చు లేచేది, స్ప్రింగయితే బిగువుగా పట్టుకుంటూనే కాస్త ఒదిగేది. వంటింటి స్టవ్‌కి పనికొచ్చిన ఉపాయం కార్లకీ అలాగే కుదిరింది.

ఒదగడం ఎందుకంటే, ఎండ. చలికాలం తెల్లవారుజామున మైనస్ పది, వేసవి మధ్యాహ్నం ఎండలో నిలిపిన రేకు అరవై డిగ్రీలు. ఈ డెబ్బై డిగ్రీల తేడాకి ఒక మీటరు మామూలు ఉక్కు సుమారు 0.8 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం 1.6. రెండూ గట్టిగా బిగించి ఉంటే ఆ మిగిలిన ముప్పావు మిల్లీమీటరు పైచిలుకు ఎక్కడికో పోవాలి. ఉబ్బుతుంది, లేదా క్లిప్పుని రంగు మీద రోజూ అటూ ఇటూ ఈడుస్తుంది. అందుకే పాత ఇంజనీర్లు పట్టీని ఒకచోట నట్టుతో నిలిపి, మిగతా పొడవంతా స్ప్రింగు క్లిప్పులకి అప్పగించారు. ఒక కొస కట్టేసి రెండో కొసకి స్వేచ్ఛ. ట్రిమ్ పట్టీలకి బాగా వాడిన 430 రకం స్టెయిన్‌లెస్‌లో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు. చవక. పైగా ఎండకి సాగడంలో దాని లెక్క మామూలు ఉక్కుకి దగ్గర. వంటింటి గిన్నెల 304 రకం అయితే అంతకంటే బాగా ఎక్కువ సాగుతుంది. చవక సరుకు మంచి సరుకు కూడా అయిన అరుదైన సందర్భం ఇది.

ఇంకో కదలిక కన్వర్టిబుల్‌కే ప్రత్యేకం. అగ్గిపెట్టె మొత్తాన్ని రెండు చేతులతో మెలితిప్పితే తిరగదు. తొడుగులోంచి అర బయటికి లాగి అదొక్కటీ తిప్పితే ఇట్టే మెలి తిరుగుతుంది. ఇనుప పైకప్పు లేని కారు ఆ అర లాంటిది. అందుకే కన్వర్టిబుల్స్ అడుగున ఛాసిస్‌కి అదనపు ఇనుము వేస్తారు, పైకప్పు పోయినా బరువు తగ్గకపోగా పెరిగేది అందుకే. ఎంత ఇనుము వేసినా కొంత వంగుతుంది. జాకీ మీద లేపిన కన్వర్టిబుల్ తలుపు సందు పైన ఒకలా కింద ఒకలా మారడం కంటితోనే చూడొచ్చు. స్టాండ్ల మీద ఉండగా మూడు ముక్కల గీతని నూలుపోగులా కలిపి బిగించి, కారుని నేల మీదికి దించగానే తలుపు దగ్గర గీత మెట్టెక్కితే అది బిగించినవాడి కంటి దోషం కాదు, కారు తన బరువు మీద తాను కూర్చోవడం. కాబట్టి చక్రాలు నేల మీద ఉండగానే కొలవాలి.

కొలత మొదలయ్యేది రంగు వేయకముందు. కొత్తగా అతికించిన రేకులో చాలాసార్లు బెజ్జాలు ఉండవు. పట్టీలు ఉత్తినే పెట్టి చూసి, దారం లాగి, గుర్తులు వేసి, బెజ్జాలు తొలవాలి. ఆ తొలిచిన అంచులకి ప్రైమరూ రంగూ తగలాలి. రంగు వేశాక తొలిచిన బెజ్జం అంచున పచ్చి ఉక్కు మిగులుతుంది, అదే అలారమ్ ఓడ మేకు. కొత్త రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపలి ద్రావకం మెల్లగా పోతుంది. తొందరపడి బిగిస్తే పట్టీ అంచు అచ్చు పడుతుంది.

బిగించే రోజు ఇద్దరు కావాలి. పొడవైన పట్టీని ఒక్కడే ఒక కొస పట్టుకుని లేపితే మధ్యలో మడత పడుతుంది, ఆ మడత ఎంత సరిచేసినా వెలుతురులో పట్టిస్తుంది. బోల్టు క్లిప్పులు పట్టీ వెనక మడతల్లోకి జారించి, ఒక్కొక్కటీ తన బెజ్జానికి ఎదురుగా నిలిపి, బోల్టు మొదట్లో సీలెంటు ముద్ద చుట్టాలి. నీళ్లు లోపలికి పోకుండా ఆపేదీ, లోహానికీ లోహానికీ మధ్య అడ్డు నిలిచేదీ ఆ ముద్దే. ఓడ మేకు తల కింద చిక్కుకున్న కాగితం స్థానంలో ఇప్పుడు ఇది.

తలుపు ముక్కతో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ, చూపు ముందు అక్కడే పడుతుంది కాబట్టి. ఆ తర్వాత ముందు ఫెండరు, వెనక భాగం దాని వరసకి వస్తాయి. తలుపు తెరిచినప్పుడు దాని ముందు అంచు లోపలికి తిరుగుతుందన్న సంగతి మర్చిపోతే పట్టీ కొస ఫెండరు రంగుని గోరులా గీరుతుంది. అందుకే పూర్తిగా బిగించకముందే తలుపుని మెల్లగా, చెవి పెట్టి వింటూ, తెరిచి చూస్తారు. నట్లు చేతివేళ్లతో బిగించి ఆపైన పానాతో పావు చుట్టు, అంతే. ఎక్కువైతే రేకు లోపలికి గుంజుకుని చిన్న గుంట పడుతుంది. పగలు కనిపించదు, రాత్రి ట్యూబులైటు ప్రతిబింబం అక్కడ వంకరపోతుంది.

ఆ నట్లు అందే దారులే ఈ పని వరసని నిర్ణయిస్తాయి. తలుపువి లోపలి అట్ట తీస్తేనే అందుతాయి, వెనక భాగంవి డిక్కీలోంచో, పైకప్పు మడతపడే గుంత పక్కనుంచో. అంటే సీట్లు, లోపలి అట్టలు బిగించకముందే బీడింగ్ అయిపోవాలి. నడుము చుట్టూ వచ్చే పట్టీ కథ దీనికి తలకిందులు. గుడ్డ పైకప్పు వెనక అంచు కుట్టుపిన్నులతో పట్టుకున్న చోటు దగ్గరే చాలా మోడళ్లలో ఆ పట్టీ వస్తుంది, కాబట్టి ముందు గుడ్డ, తర్వాత పట్టీ. కొత్త గుడ్డ పాతదానికంటే కాస్త మందమైతే పాత స్క్రూ పొడవు చాలదు. ఈ చిన్న సంగతికి ఒక సాయంత్రం పోయినా ఆశ్చర్యం లేదు.

చివర్లో నీళ్ల పరీక్ష. లోపల అంచుల వెంట పౌడరు చల్లి, బయటి నుంచి గొట్టంతో పది నిమిషాలు నీళ్లు కొట్టి, పౌడరు ఎక్కడ ముద్దకట్టిందో టార్చి వేసి చూస్తారు. కారినచోట నట్టు వదులు చేసి, ముద్ద తీసి, మళ్లీ కొత్తది. కుడి వైపు సరిపోయాక ఎడమ వైపు. అచ్చులు ఒకటే అయినా పాత కారు రెండు వైపులూ ఒక్క కొలతలో దొరకవు. ప్రమాదం ఒక వైపే జరిగి ఉంటుంది, లేదా కొత్త రేకు ఒక వైపే పడి ఉంటుంది. ఎడమ గీత కుడి గీతకంటే రెండు మిల్లీమీటర్లు కిందికి వచ్చిందని మేస్త్రీకి తెలుసు. రెండు పక్కలూ ఒకేసారి చూడగలిగే చోటు భూమ్మీద ఎక్కడా లేదని కూడా తెలుసు.